అంగుళానికో మెట్టు

ఉత్తరాలు వేరుచేసే హాల్లో బుడ్డమ్మ చేతి ఒడుపు చూడటానికి కొత్తగా చేరినవాళ్ళు పని ఆపి నిలబడేవారు. కళ్ళు ఉత్తరాల కట్ట మీద, చెయ్యి ఎదురుగా ఉన్న గళ్ళ మీద. తలెత్తకుండానే ఏ వీధి ఉత్తరం ఆ వీధి గడిలో పడేది.

"నీ మోచేతికి కళ్ళున్నాయే అక్కా!" అనేవారు.

"ఉంటే రెండో కళ్ళజోడు కూడా కొనాల్సొచ్చేది," అని ఆమె ఇంకో కట్ట విప్పేది.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున వేసిన ఉత్తరాల్లో సగం పక్క గళ్ళలో పడ్డాయి. ఆమెవే కాదు, హాల్లో అందరివీ అంతే. సెలవు రోజున పాత చెక్క గళ్ళు పీకేసి ఇనప గళ్ళు బిగించారు. చోటు కలిసొస్తుందని ఒక్కో గడిని కొద్దిగా ఇరుకు చేశారు. దగ్గరున్న గళ్ళలో ఉత్తరాలు సరిగానే పడ్డాయి. చెయ్యి దూరం వెళ్ళేకొద్దీ తప్పు పెరిగింది.

"ఏమ్మా, నీక్కూడా ముసలితనం వచ్చేసిందా?" అన్నాడు సూపర్‌వైజరు.

"నాక్కాదు సార్, ఈ బీరువాకి చిన్నతనం వచ్చింది," అన్న బుడ్డమ్మ, ఆ మాట నోట్లో ఉండగానే ఆగిపోయింది. చేతిలో ఉత్తరం చేతిలోనే ఉంది. ఇదే తప్పు ఆమె చెయ్యి ఇదివరకూ చేసింది. మొదటిసారి చేసినప్పుడు ఆమెకు పదేళ్ళు.

ఆమె తండ్రి వడ్రంగి. కుర్చీలు, బల్లలు, బీరువాలు చేసేవాడు. వీధి చివర ఇంట్లో పియానో నేర్పే మాస్టారు ఉండేవాడు. పిల్ల రోజూ ఆ ఇంటి గోడకు బల్లిలా అతుక్కుపోతోందని తండ్రి తీసుకెళ్ళి చేర్పించాడు. పాఠం మాస్టారి ఇంట్లో సరే, సాధన ఎక్కడ చెయ్యాలి? ఇంట్లో పియానో లేదు, ఉన్నా పెట్టడానికి చోటు లేదు. తండ్రి ఒక పొడుగాటి పలకను నున్నగా చిత్రిక పట్టి, దాని మీద తెల్ల మెట్లు గీశాడు. నల్ల మెట్లు ఉండాల్సిన చోట సన్నటి చెక్కముక్కలు అతికించాడు. బుడ్డమ్మ ఆ పలక మీద వేళ్ళతో వాయిస్తూ, శబ్దం నోటితో చేసేది. తల్లికి తలనొప్పి వచ్చిన రోజున నోరు కూడా మూసుకుని వాయించేది.

మాస్టారి దగ్గర మెట్లు చూసుకుంటూ వాయించినంత కాలం ఇబ్బంది రాలేదు. ఏడాది చివర, పై తరగతికి ఎవరు వెళ్ళాలో తేల్చే రోజున, ఆయన పిల్లల చేతులు కనిపించకుండా మెట్ల మీద గుడ్డ కప్పాడు. బుడ్డమ్మ ఎడమ చెయ్యి కింది స్వరం నుంచి పైకి దూకిన ప్రతిసారీ రెండు మెట్ల సందులో పడింది. రెండూ కలిసి మోగాయి. మిగతా పిల్లలు నవ్వారు.

మాస్టారు చెడ్డవాడు కాదు. గేటు దగ్గర నిలబడ్డ తండ్రితో నెమ్మదిగానే చెప్పాడు. "అమ్మాయికి శ్రద్ధ ఉందండీ. చేతిలో సంగీతమే లేదు. ఇంకేదైనా నేర్పించండి."

ఆ మాట బుడ్డమ్మ విన్నది. విని, డాక్టరు చెప్పిన రోగంలా నమ్మింది. పెద్దదై, ఉద్యోగంలో చేరి, పెళ్ళిచేసుకుని, ఎవరైనా సంగీతం మాటెత్తితే "నాకు చెయ్యి లేదులెండి" అంటూ వచ్చింది.

ఆ నమ్మకం ఈమధ్యే కాస్త కదిలింది. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే వాన పట్టుకుంది. పిల్లలకు పాటలు నేర్పే హాలు వరండాలో నిలబడింది. లోపల ఎవరూ లేరు, పియానో మూత తీసి ఉంది. కూర్చుని, చిన్నప్పటి పాఠం ఒకటి చూసుకుంటూ వాయించింది. వెనక నుంచి పాటల టీచరు గొంతు వినబడింది. "మీరు రోజూ వస్తారా?"

టీచరుకు అవసరం అలా ఉంది. పిల్లల పాటకు పియానో వాయించే ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోతోంది. కానీ టీచరుకో పట్టింపు. "వాయించేవాళ్ళు నా చెయ్యి చూడాలండీ. మెట్లు చూస్తూ కూర్చుంటే పాట ఓ దారి, పియానో ఓ దారి అవుతుంది. ఏదీ, ఒకసారి నన్ను చూస్తూ వాయించండి."

బుడ్డమ్మ తలెత్తింది. ఎడమ చెయ్యి దూకి, సందులో పడింది.

"నెలాఖరుకి మళ్ళీ చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే రికార్డు పెట్టుకుంటాం. ఏమీ అనుకోకండి."

మొగుడితో చెబితే ఆయన నవ్వాడు. "పియానో లేకుండా పియానో నేర్చుకోవడం, నీళ్ళు లేకుండా ఈత నేర్చుకోవడం మీ ఇంట్లోనే చూశాను." అంతటితో ఊరుకుంటే బాగుండేది, "అయినా మాస్టారు అప్పుడే చెప్పాడుగా" అని కూడా అన్నాడు. ఆ రెండో మాట ఆమెకు గుచ్చుకుంది. వెళ్ళి తీరాలనుకుంది. కానీ పాటల హాల్లో ఖాళీ దొరికినప్పుడల్లా ప్రయత్నించినా చెయ్యి మాట వినలేదు.

ఇనప గళ్ళు వచ్చింది అప్పుడే.

ఆ సోమవారం మధ్యాహ్నం అన్నం మానేసి పాటల హాలుకు పరిగెత్తింది. ఎనిమిది తెల్ల మెట్ల మీద కాగితం పరిచి, సరిగ్గా అంతే కత్తిరించింది. సాయంత్రం తండ్రి కొట్టుకు వెళ్ళింది. పాత పలక ఇంకా అక్కడే ఉంది, జిగురు గిన్నె కింద. గిన్నె పక్కకు జరిపి కాగితం పరిచింది. ఎనిమిది మెట్ల కాగితం పలక మీద ఏడు మెట్లు దాటి, ఎనిమిదోదానిలో సగం దాకా కూడా రాలేదు.

"ఏం కొలుస్తున్నావే బుడ్డీ?" అన్నాడు తండ్రి, కుర్చీ కాలుకి గరుకు కాగితం రుద్దుతూ.

"ఇది ఎలా కొలిచావు నాన్నా?"

"ఇందులో కొలతేముంది! అంగుళానికో మెట్టు. వరసగా గీసేశాను."

"పియానో మీద కొలిచావా?"

ముసలాయన చెయ్యి ఆగింది. "వాళ్ళ హాల్లో తివాచీ ఉండేదే. నా ఒంటినిండా రంపపు పొట్టు. కిటికీలోంచి చూశాను. అంగుళమే అనిపించింది." లేచి వచ్చాడు. వంగి, కాగితాన్ని పలక మీద అటూ ఇటూ జరిపి చూశాడు. ఆయన కొట్లో కొలత తప్పిన చెక్కకు పొయ్యి ఒక్కటే దారి. "ఇటివ్వు. ముక్కలు చేసి పారేస్తా."

"చేస్తే జిగురు గిన్నె ఎక్కడ పెడతావు? ఉండనీ. నాక్కావాల్సింది ఇంకోటి."

"మరి ఇన్నేళ్ళు..."

"ఇన్నేళ్ళ సంగతి తర్వాత. నెలాఖరు దగ్గర పడింది నాన్నా. ఎప్పటికి ఇస్తావో చెప్పు."

పనివాడికి గడువు చెప్పడం మంచిదైంది. మర్నాడు ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో మడత కొలబద్దతో పాటల హాలుకు వెళ్ళాడు. తలుపు దగ్గర చెప్పులు విదిలించి, లోపలికి నడిచి, ప్రతి మెట్టూ కొలుచుకున్నాడు. "మీ నాన్నగారు మా పియానోకి చొక్కా కుట్టేలా ఉన్నారు," అంది టీచరు బుడ్డమ్మతో.

కొత్త పలక వచ్చింది. దాన్ని భోజనాల బల్ల మీద పెట్టుకుని, ముఖం గోడవైపు తిప్పి సాధన మొదలుపెట్టింది. మొగుడు కథంతా విని, "ఆడలేక మద్దెల ఓడు అంటారనుకున్నా. నిజంగానే ఓడు మద్దెల ఇచ్చారన్నమాట!" అన్నాడు. ఆ మాత్రం పశ్చాత్తాపం ఆయనకు ఎక్కువే. మర్నాటి నుంచి గోడ దగ్గర తనే నిలబడి, గరిటె ఊపుతూ పాటల టీచరయ్యాడు. గరిటె ఏ తాళానికి ఊగుతోందో ఆయనకే తెలియదు. అయినా ఆమెకు చూడటానికి ఒకటి దొరికింది.

కారణం తెలిసినంత మాత్రాన చెయ్యి మారలేదు. తొందరపడితే చాలు, పాత దూరానికే పోయేది. వాయించడం ఆపి, మొదటికి వచ్చి, ఆ ఒక్క దూకుడే మళ్ళీ మళ్ళీ చేసేది. మణికట్టు లాగితే వేడినీళ్ళలో పెట్టి మళ్ళీ కూర్చునేది. ఆమె ధైర్యమంతా ఉత్తరాల హాల్లో ఉంది. అక్కడ అప్పటికే ఇనప గళ్ళలో ఉత్తరాలు సరిగా పడుతున్నాయి. గళ్ళు నేర్చుకున్న చెయ్యి మెట్లు నేర్చుకోదా?

పరీక్ష నాడు పిల్లలు వరసల్లో నిలబడ్డారు. టీచరు చెయ్యెత్తింది. బుడ్డమ్మ ఆ చేతినే చూసింది. మొదటి దూకుడు వచ్చింది. ఎడమ చెయ్యి వెళ్ళి, ఒక్క మెట్టు మీద, నిండుగా దిగింది. కిందకి చూడాలని మెడ లాగింది. చూడలేదు. రెండోదీ దిగింది, మూడోదీ దిగింది. పిల్లల గొంతులు పియానో మీద నమ్మకంతో నడిచాయి. పాట ఇక అయిపోతుందనగా ఆమెకు సంతోషం ముంచుకొచ్చి చెయ్యి ముందే వెళ్ళిపోయింది. వేలు మెట్టు మీదే పడింది, కాకపోతే పక్కదాని మీద. పాట ఆగలేదు, ఆమె కూడా ఆగలేదు.

టీచరు పిల్లల్ని పంపేసి పుస్తకాలు సర్దుకుంది. "చివర్లో తొందరపడ్డారు. గురువారం కాస్త ముందే రండి, ఆ చోటు చూసుకుందాం."

కొట్లో తండ్రి పనేమీ చెయ్యకుండా కూర్చుని ఉన్నాడు. కూతురు గడప దాటకుండానే అడిగాడు. "తప్పిందా?"

"రమ్మన్నారు. గురువారం నుంచి."

"అది కాదే. ఎక్కడైనా తప్పిందా అంటున్నా."

"ఒక్కచోట."

ముసలాయన కొలబద్ద కోసం జేబు తడుముకున్నాడు. "ఎన్నో మెట్టు? పలక తీసుకురా, చూస్తాను."

"పలక బాగానే ఉంది నాన్నా," అంది బుడ్డమ్మ స్టూలు లాక్కుని కూర్చుంటూ. "ఈసారి తప్పింది నేనే."

ఆ మాట అంత సంబరంగా చెప్పేవాళ్ళను ఆయన అంతకుముందు చూడలేదు.