తమ్ముడు ఎక్కని బస్సు

నా చిన్నప్పుడు, కరోనా వచ్చి సూరత్‌లో మగ్గాలన్నీ ఆగిపోయిన ఎండాకాలం నాటికే మా అమ్మానాన్నలు విడిపోయి ఉన్నారు. అమ్మ, నేను, తమ్ముడు ఆ ఊళ్లోనే ఉధ్నా అనే పేటలో ఒక మేడమీది గదిలో ఉండేవాళ్లం. అమ్మ చీరలకు లేసు కుట్టేది. మరమగ్గం నడిపే నాన్న అదే ఊళ్లో కాస్త దూరంగా భేస్తాన్‌లో ఉండేవాడు.

లాక్‌డౌన్ సడలి దారులు కాస్త తెరుచుకోగానే నాన్న రోజూ పొద్దున్నే సైకిల్ మీద వచ్చేవాడు. గదిలోకి రాకుండా మెట్ల మీదే కూర్చుని తమ్ముడి చేత ఎక్కాలు చదివించేవాడు, నాకు జడ వేసేవాడు. అది వంకరగా వస్తే అమ్మ గడప దగ్గర నుంచే "పాయలు సమంగ తియ్యి" అనేది. వాళ్లిద్దరి మధ్యా అంతకుమించి మాటలుండేవి కావు.

ఆ రోజుల్లోనే తెలంగాణ నుంచి బతకడానికి వచ్చిన మనవాళ్లంతా బస్సులు మాట్లాడుకుని ఊళ్లకు బయలుదేరారు. ఒక మధ్యాహ్నం పక్క గల్లీలో ఉండే మా పెదనాన్న వచ్చి, తమ్ముడి బట్టలు సర్దమన్నాడు.

"పిల్లగాడు మా ఇంటోడు, మాతోని వస్తడు. పిల్ల నీకాడ ఉంటది" అన్నాడు అమ్మతో.

తమ్ముడు వచ్చి నా వెనక నక్కాడు. వాడి చెయ్యి నేను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, వాడు నొప్పికి ఏడ్చాడు. అమ్మ ఫోన్ తీసి నాన్నను రమ్మంది.

నాన్న చెమటలు కక్కుతూ వచ్చాడు. నాన్న తనకు సొంత తమ్ముడు కదా, తన పక్షమే మాట్లాడతాడని పెదనాన్న ధీమా. నాన్న మాత్రం మెట్లెక్కి అమ్మ పక్కన నిలబడ్డాడు. వాళ్లిద్దరినీ అలా పక్కపక్కన చూసి ఎన్నాళ్లయిందో.

"అన్నా, మేమిద్దరం కలిసి ఉండలేకపోయినం. అది మా ఇద్దరి ముచ్చట. పిల్లలను మాత్రం విడదియ్యం. సేటు మళ్ల మగ్గాలు నడిపిస్తనంటున్నడు, మేం ఈడనే ఉంటం."

"విడిపోయినోళ్లు రోజూ మొకాలు చూసుకుంటరా? నలుగురు నవ్వరా?"

"నవ్వనీ బావా," అంది అమ్మ. "పొద్దుగాల ఆయన చూస్తడు, ఆనంక నేను చూస్త. మాకు నామోషీ లేదు."

పెదనాన్న తమ్ముడి తల నిమిరి వెళ్లిపోయాడు. బస్సు మా గల్లీ చివర మలుపు తిరుగుతుంటే నేనూ తమ్ముడూ మేడ మీద ఎగిరి గంతులేశాం. ఆ పూట అమ్మ నలుగురికీ అన్నం వడ్డించింది. ఇక నాన్న ఇక్కడే ఉండిపోతాడనుకున్నాను. తినగానే ఆయన భేస్తాన్ వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చాడు. మేం పెద్దవాళ్లమై, నా పెళ్లిలో ఇద్దరూ చెరో పక్కన నిలబడేదాకా అలా వస్తూనే ఉన్నాడు.

ఆ కరోనా కాలం గడిచి నలభై ఏళ్లయింది, ఇప్పుడు నా జుట్టు నెరిసింది. మా బంధువుల్లో ఏ ఆలుమగలకు చెడినా పంచాయితీకి నన్ను పిలుస్తారు. తప్పెవరిదని నేను అడగను. రేపు పొద్దున పిల్లలను బడికి ఎవరు తయారు చేస్తారు, సాయంత్రం ఎవరు తీసుకొస్తారు అని అడుగుతాను. అది తేలాకే మిగతా మాటలు మొదలుపెడతాను.