అక్క పెళ్లిలో నేను నొక్కిన మీట

మా చిన్నప్పుడు... మేడ్చల్‌లో పెళ్లంటే దరువు పడాల్సిందే. పప్పులో ఉప్పు తక్కువైనా సర్దుకునేవారు గానీ, దరువు లేకపోతే ఊరుకునేవారు కాదు.

మా అక్క పెళ్లిలో కీబోర్డు వాయించింది మా మేనమామ రాజలింగం. బొల్లారం చర్చిలో పియానో నేర్చుకుని, అమెరికాకూ బ్రెజిల్‌కూ మధ్య తిరిగే ఓడ మీద ఏళ్ల తరబడి వాయించినవాడు. ఆ ఓడ వాద్యబృందంలో రెండు దేశాలవాళ్లూ ఉండేవారట. అమెరికావాళ్లది జాజ్ సంగీతం, బ్రెజిల్‌వాళ్లది సాంబా. మామ ఆ రెండూ కలిపి సొంతంగా పాటలు కట్టుకున్నాడు. ఓడ కంపెనీ మూతపడ్డాక ఇంటికొచ్చి, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరాడు.

నాకూ నేర్పేవాడు. "ఎడమ చెయ్యి బ్రెజిల్ బిడ్డా, కుడి చెయ్యి అమెరికా. రెండూ కొట్లాడొద్దు" అనేవాడు. నాకు పదేళ్లు... ఏం తెలుస్తుంది?

ఆ పెళ్లికి సిటీ నుంచి ఒక పెద్ద హోటల్ మేనేజర్ వచ్చాడు. మామే బతిమాలి పిలిచాడు. పాట నచ్చితే ఆ హోటల్లో రోజూ సాయంత్రం పియానో వాయించే ఉద్యోగం... నెల రోజులు సాధన చేశాడు పాపం.

భోజనాల వేళ మొదలుపెట్టాడు. మెత్తగా, ఊగుతున్నట్టుంది పాట. మేనేజర్ తినడం ఆపి మరీ వింటున్నాడు.

మా నాయినకు చిరాకెత్తింది. "బామ్మర్దీ, పెండ్లిల గీ ఏడ్పు పాటేంది? దరువెయ్యి."

"ఒక్క అయిదు నిమిషాలాగు బావా. సారు ఇంటుండు."

నాయిన ఆగే రకమా... నాకు కనుసైగ చేశాడు. ఆ కీబోర్డులో ఒక మీట నొక్కితే డప్పుల దరువు దానంతటదే మోగుతుంది. అది మామే చూపించాడు నాకు. ఉరికి వెళ్లి నొక్కేశాను.

హాలంతా లేచి ఎగిరింది. నాయిన నన్నెత్తుకుని గిరగిరా తిప్పాడు. మేనేజర్ చెయ్యి కడుక్కుని, దూరం నుంచే మామకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

మామ ఆ దరువు ఆపలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "మస్తు నొక్కినవ్ బిడ్డా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ స్టోర్‌లో చేరాడు. మళ్లీ కీబోర్డు ముట్టలేదు. నాయినేమో ఇప్పటికీ "పెద్దబిడ్డ పెండ్లి మస్తు జేసిన" అంటాడు. ఒళ్లు మండిపోతుంది నాకు.

మొన్న శామీర్‌పేట రోడ్డు మీద ఒక కాఫీ షాపులో అచ్చం అలాంటి పాటే వేశారు. ఇప్పుడు అలాంటి పాటలంటే అందరికీ ఇష్టమట... ఒక్కరూ ఆపమనలేదు. మామ పోయి నాలుగేళ్లయింది.

చిన్నతనంలో మీ చేతుల మీదుగా ఎవరి బతుకైనా చెడిందా? ఉంటే రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే చాలు.