బొమ్మల పెళ్లిలో చదివింపులు

ఆ రోజుల్లో మా కోడుమూరులో విరాళం అడిగితే ఇచ్చేవాళ్లు తక్కువ, పెళ్లికి పిలిస్తే రానివాళ్లు అసలే లేరు. ఈ సంగతి కనిపెట్టింది మా పెద్దమ్మ. ఆమె మనవరాలు చిట్టికి ఏడేళ్లు. మాట్లాడదు, పిలిస్తే చూడదు, చేతికందిన ప్రతిదాన్నీ వరసగా పేర్చుకుంటూ కూర్చుంటుంది. (ఇప్పుడు దాన్ని ఆటిజం అంటున్నారు. అప్పుడు మాకు తెలిసింది ‘గాలి సోకింది’ అనడం, మంత్రాలయం తీసుకుపోవడం.) ఇలాంటి పిల్లల కోసం కర్నూలులో ఒక టీచరమ్మ బడి పెడతానంది. గది అద్దెకు విరాళాలు తెస్తే మొదటి చాప చిట్టికే అంది. ఎవరిని అడిగినా “పంటలు రానీమ్మా” అన్నారు.

“బొమ్మల పెళ్లి చేస్తాం,” అంది పెద్దమ్మ. “చదివింపులు పేరుపేరునా గట్టిగా చదివిస్తా. పక్కింటోళ్లకంటే తక్కువ ఎవురు చదివించుకుంటారో సూస్తా.” చదివే పని నాకు అప్పగించింది, ఇంట్లో ఎప్పుడూ పుస్తకం పట్టుకుని ఉండేది నేనే కనుక. (ఒంటరిగా చదవడం వేరు, పందిట్లో చదవడం వేరని చెప్పడానికి కూడా నాకు గొంతు పెగల్లేదు.)

పెళ్లికూతురు మాది. పెళ్లికొడుకు, వీధి చివరి మీసాల మామ కూతురి ఎర్రచందనం బొమ్మ. మామ దాన్ని నిజం పెళ్లిగానే తీసుకున్నాడు. మేళంతో తరలివచ్చాడు, బొరుగుల ఉగ్గానిలోకి బజ్జీలు చాల్లేదని అలిగాడు కూడా. చదివింపులు మొదలయ్యాయి. నేను పెదవులు కదిపాను. ముందు వరసకే వినపడలేదు. వినపడని పేరు కోసం జేబులో చెయ్యి పెట్టేదెవరు? పళ్లెంలో వక్కలూ ఆకులే మిగిలాయి.

“పిల్లోన్ని తెండి, తాళి కట్టిద్దాం,” అంది పెద్దమ్మ దిగులుగా. పిల్లోడు లేడు. వెతికితే వాకిట్లో దొరికాడు. చిట్టి అందరి చెప్పులనూ పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా గీత గీసినట్టు పేర్చి, చివరన పెళ్లికొడుకును పడుకోబెట్టింది. (నిజం చెప్పాలంటే, కొలతకు అతను అక్కడ చక్కగా సరిపోయాడు.)

మామ మీసాలు అదిరాయి. “మా పిల్లోన్ని చెప్పుల్లో పండబెడతారా? ఈ సమ్మందం మాకొద్దు. లేయండప్పా, పోదాం.” సగం పందిరి లేచింది. “బుద్ధి లేని పిల్ల. దానికి బడంట, బడి,” అన్నాడు పోతూ పోతూ. చిట్టి తలెత్తలేదు. ఎవరి కాలో తగిలి పక్కకు జరిగిన చెప్పును సర్దుకుంటోంది.

“మగపెళ్లివారి పెద్ద, వీధి చివరి మామగారు చదివించినది,” అని ఒక గొంతు పందిరంతా మోగింది. అది నాదేనని తెలిసేసరికి మిగతా మాట కూడా వచ్చేసింది. “ఏమీ లేదు.”

మేళం ఆగిపోయింది. అలాంటి చదివింపు మా వైపు ఎవరూ విని ఉండరు. మామ మెల్లగా వెనక్కి తిరిగాడు.

“ఏం పాపా, నలుగుర్లో అంత మాట అంటివే. రాసుకో. జొన్నలు, ఒక బండి.”

చదివాను. ఆయన బావ లేచాడు. “మాది శనక్కాయలు, బండిన్నర. శానా గట్టిగా సదువు, మా బావకు ఇనపడాల.”

పొద్దుగూకేసరికి పెద్దమ్మ వసారా మూటలతో నిండి, ఇంటివాళ్లం వీధిలో కూర్చున్నాం. వాటిని అమ్మి గది తీసుకున్నారు. చిట్టి మొదటి చాప మీద కూర్చుంది. వారం తిరక్కుండా బడిలో పలకలన్నీ వరసలో ఉన్నాయట. (తాళి సంగతి ఆ హడావుడిలో అందరూ మరిచిపోయారు.)

ఆనాటి నా డైరీలో ‘గొంతు నొప్పి, మిరియాల పాలు’ అని మాత్రం ఉంది. ఆ తర్వాత నేను అంత గట్టిగా మాట్లాడింది లేదు. ఆ అరిచిన అమ్మాయి ఎదురైతే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. ఎదురైనా, పలకరించడానికి నాకే సిగ్గేస్తుందేమో.