పాపం అనకుండా ఒక పూట

కోరుట్లలో మా బడికి హెడ్మాస్టరునైన కొత్తలో జగిత్యాలలో శిక్షణకు పిలిచారు. చూపు, వినికిడి, నడక, గ్రహింపులో ఇబ్బంది ఉన్న పిల్లల చదువును బడిపెద్దలు పక్షపాతం లేకుండా ఎలా నడపాలో చెబుతారట. శిక్షణలంటే నాకు ఒళ్లుమంట. టీ తాగి, సంతకం పెట్టి రావడమే కదా అనుకుంటూ వెళ్లాను.

సిరిసిల్ల నుంచి ఒక మేడం వచ్చింది. అలాంటి పిల్లలకు ఏళ్లుగా చదువు చెబుతున్న మనిషి. రాగానే బోర్డు మీద ‘పాపం’ అని రాసి కొట్టేసింది.

“పొద్దుగూకేదాక గీ మాట అనద్దు సార్. అన్నోళ్లు మళ్ల మొదటి నుంచి చెప్పాలె. మీ బళ్లె ఉన్న ఒక్క పిల్ల గురించి చెప్పుండ్రి.”

ఇదేం చిన్నపిల్లల ఆట అనుకున్నాను. మెట్‌పల్లి హెడ్మాస్టరు లేచి “మా దగ్గర ఒక పిలగాడున్నడు, పాపం...” అని నాలుక కరుచుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అదే. అందరం నవ్వాం.

నా వంతు వచ్చింది. మా తొమ్మిదో తరగతిలో చూపు తక్కువున్న అమ్మాయి ఉంది. తండ్రి దుబాయిలో ఉంటాడు, తల్లి బీడీలు చేస్తుంది. ఆ వారమే తల్లి నా గదికి వచ్చి, పిల్లను బడి మాన్పించి బీడీలకు కూర్చోబెడతానంది. కొన్నాళ్లు ఆగమని బతిమాలి పంపాను. ఇదంతా చెప్పి, “మేం మంచిగనే చూసుకుంటం మేడం. ముందు బెంచీల కూసోవెడతం. ఎవ్వరు ఒక్క మాటనరు. హోంవర్క్ గూడ అడగం, ఎందుకంటే...” అని ఆగిపోయాను. నా దగ్గరున్న కారణం ఆ కొట్టేసిన మాట ఒక్కటే.

“ఎందుకంటే ఏంది సార్?” అంది మేడం. ఎగతాళికి కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచన. ఒక్క మాట తీసేస్తే నా వాక్యం ఎందుకు కుంటుపడింది? అసలు కారణమేమిటో చూడాలనిపించింది.

మర్నాడు లెక్కల పీరియడులో వెనక కూర్చున్నాను. సారు అందరి నోటుపుస్తకాలూ చూశాడు. ఆ అమ్మాయి దగ్గర మాత్రం తల నిమిరి ముందుకు వెళ్లాడు. నేను లేచాను.

“హోంవర్క్ చేసినవా బిడ్డా?”

“చెయ్యలే సార్.”

“ఎందుకు చెయ్యలే?”

“తెల్లగ రాసింది కనవడతది సార్. ఎర్ర సుద్దతోటి రాసింది కనవడదు.”

లెక్కల సారు హోంవర్క్‌తో సహా ముఖ్యమైనవన్నీ ఎర్ర సుద్దతోనే రాస్తాడు. ఎంత మంచి పద్ధతి అని నేనే మెచ్చుకున్నాను.

“మరి చెప్పలేదేంది?”

“ఎవ్వలు అడగలే సార్.”

లెక్కల సారు “అయ్యో, పాప...” అనబోయి నా మొహం చూసి మింగేశాడు. డబ్బాలో తెల్ల సుద్ద వెతికాడు.

కొన్నాళ్లకు సాయంత్రం బడి గేటు దగ్గర తల్లి ఎదురైంది. చీర నుంచి తంబాకు వాసన.

“సార్, ఇయ్యాల లెక్కల సారు నా బిడ్డను అందరి ముంగట తిట్టిండంట.”

ఇక మాన్పించేస్తుంది అనుకున్నాను.

“లెక్క తప్పు జేసుంటదమ్మా, అందుకే...”

“గదే సార్. అందరిని తిట్టినట్టే నన్ను గూడ తిట్టిండమ్మా అని నవ్వుకుంట జెప్పింది. బీడీలకు కూసోమంటే కూసోదట. ఇగ బడి మాన్పియ్య, రోజు పంపుత.”