ఎల్లమ్మ ముఖానికి నాలుగు పాయింట్లు

కరోనా తగ్గిన తర్వాతి వేసవిలో నేను హనుమకొండలో ఒక కలర్ ల్యాబ్‌కు ప్రింటింగ్ ఇన్‌ఛార్జిని. రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లుంది. కౌంటర్ వాళ్లు ఫైళ్లు తీసుకుంటారు, ఆపరేటర్లు రంగులు సరిచేస్తారు, ఏ ప్రింటు బయటికి వెళ్లాలో చివరగా ఇన్‌ఛార్జి చూస్తాడు. నా కన్ను దాటి చెడ్డ ప్రింటు పోదని ఫొటోగ్రాఫర్లలో పేరుండేది. ఆ పేరంటే నాకు గర్వం. ఇప్పటికీ ఉంది, దాచుకోను.

మా పనిలో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుండేది. పెళ్లి ఆల్బం వస్తే ముఖాలన్నీ రెండు పాయింట్లు తేల్చాలి, అంటే తెల్లబరచాలి. పాయింటంటే మెషీన్‌లో వెలుగును, రంగును పెంచే, తగ్గించే మెట్టు. పెళ్లికూతురు నల్లగా వచ్చిందంటే పెళ్లివారు ఫొటోగ్రాఫర్ మీద, ఫొటోగ్రాఫర్ మా మీద విరుచుకుపడేవారు. అందుకని అడగకుండానే తేల్చేవాళ్లం. కూరలో ఉప్పు వేసినట్టు చెయ్యి దానంతటదే పోయేది.

రాజేశం అని వరంగల్ బజారులో బట్టల వ్యాపారి. ఆదివారం దుకాణం కట్టేసి కెమెరా మెడలో వేసుకొని తిరిగేవాడు. పక్క దుకాణాలవాళ్లు ఎగతాళి చేసేవారు. అలాంటిది, ఔత్సాహికుల ఫొటో ప్రదర్శనకు మొదటిసారి అతని ఫొటో ఎంపికైంది. ఆ ఫైలు మా కౌంటర్‌లో ఇచ్చాడు. మర్నాడు సాయంత్రం ఐదింటిలోగా ప్రదర్శనవాళ్లకు ప్రింటు ఇవ్వాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

ఫొటోలో ఉన్నది ఎల్లమ్మ. రఘునాథపల్లి నుంచి ఆకుకూరల గంపతో వచ్చి అతని దుకాణం మెట్ల పక్కన కూర్చునే మనిషి. మధ్యాహ్నం, సగం దించిన షట్టర్ నీడ. నుదుట బొట్టు, కళ్లలో మెరుపు, చెంప అంచున సన్నటి వెలుగు, మిగతాదంతా చీకటి. పాపం, ఈయనకు వెలుగు కొలవడం రాలేదనుకున్నాను. రెండు పాయింట్లు తేల్చాను. చాలదనిపించి ఇంకో రెండు. ఉపకారం చేశానన్న తృప్తితో ప్యాక్ చేయించి పంపాను.

మర్నాడు పదకొండింటికి రాజేశం వచ్చాడు. కేకలు వేయలేదు. ప్రింటు నా బల్ల మీద పరిచి, "అన్నా, గీమె ఎవలు?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం గురించి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. అతను అంతా విన్నాడు.

"మా దుకాణంల చీరలు కట్టిన బొమ్మలన్నీ తెల్లగనే ఉంటయి అన్నా. గా బొమ్మల నడుమ ఇరవై ఏండ్ల సంది కూసుంటున్న. బయట మెట్ల మీద ఎల్లమ్మ కూసుంటది. చీర గామె మీదనే మంచిగ కనవడ్తది. అందుకే తీసిన. నీడల ఉన్నప్పుడే కావాల్నని, మూడు ఆదివారాలు గదే యాళ్లకు పోయి షట్టర్ సగం దించిన. మీరు గామెను కూడ బొమ్మను చేసిండ్రు."

సిగ్గేసింది.

పెళ్లిళ్ల సీజను. వరుసలో మూడు ఆల్బంలున్నాయి. యజమానికి చెప్పి, తిట్లు తిని, మెషీన్ ఆపించాను. నలుపును ప్రింటు చేయడం తెలుపు కన్నా కష్టం. కొంచెం ఎక్కువైతే ముఖం మసిముద్ద, తక్కువైతే బూడిద. అతని అసలు ఫైలు తెరిచి, చిన్న ముక్కల మీద మూడుసార్లు వేసి చూశాను. నీలం ఛాయ కొడుతుంటే పసుపు ఒక పాయింటు కలిపాను. ప్రదర్శన హాల్లో ట్యూబ్‌లైట్లు మెరవకుండా మ్యాట్ పేపర్ తీసుకున్నాను. మూడున్నరకు ఎల్లమ్మ తన రంగుతో బయటికి వచ్చింది. చెంప మీది ముడతలు కూడా విడివిడిగా ఉన్నాయి. నా చేతి మీదుగా వెళ్లిన ప్రింట్లలో అంత మంచిది ఇంకోటి లేదు. రాజేశం దాన్ని రెండు చేతులతో పట్టుకొని ఐదింటిలోగా ఇచ్చి వచ్చాడు.

ఆదివారం ప్రదర్శనకు నేనూ వెళ్లాను. రాజేశం ఎల్లమ్మను తీసుకొచ్చి ఫొటో ముందు నిలబెట్టాడు. ఆమె చాలాసేపు చూసింది.

"గిది నేనే," అంది. "నా బిడ్డ పెండ్లి ఆల్బంల ఎవలో తెల్లామె ఉంటది సేటూ, నా చీర కట్టుకొని."

ఫొటోలు ఎవరు తీశారని అడిగాను. చెప్పింది. ఆ ఫొటోగ్రాఫర్ ఆల్బంలన్నీ మా ల్యాబ్‌లోనే, నా సంతకంతోనే బయటికి వెళ్లేవి. ఆ పని చేసింది నేనేనని ఒప్పుకున్నాను.

ఆమె నవ్వింది. "అయితే గదీ మంచిగ చేసియ్యి తమ్మీ," అంది. చేసిచ్చాను.

ఫొటో ఎలా కనబడాలో తీసినవాళ్లకు ఒక ఆలోచన ఉంటుంది, అందులో ఉన్నవాళ్లకూ ఉంటుంది. ప్రింటు వేసేవాడు ముందు అడగాలి. మిగిలిన రెండేళ్లూ అడిగే వేశాను. అంతకుముందు అడగకుండా నేను తెల్లబరిచిన ముఖాలు ఇంకా ఎన్నో ఇళ్ల గోడల మీద ఉన్నాయి.