పక్క కారు చప్పుడు

షెడ్డులో అందరూ ఆయన్ని డాక్టరనే పిలిచేవారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఎక్కడ ఏం తేడా చేసిందో ఇట్టే చెప్పేసేవాడు. "ఇంజను గుసగుసలాడినా వినపడుతుంది ఈయనకి, నేను గొంతు చించుకున్నా వినపడదు" అని ఇంట్లో భార్య దెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ రోజులే వేరు. ఒక జట్టు, రెండు రేసు కార్లు. నడిపేవాళ్లు స్వయానా బావా బావమరుదులు. పొద్దస్తమానం "బావా, బావా" అని బావమరిది అరవడంతో, టైర్లు మార్చేవాళ్ల నుంచి యజమాని దాకా అందరికీ ఆయన బావే అయిపోయాడు. డాక్టరు చూసుకునేది బావ కారు. పదకొండేళ్లు ఇద్దరూ ఒకే డబ్బాలో తిన్నారు, ఒకే బెంచీ మీద కునుకు తీశారు.

ఆ ఏడాది కప్పు బావకో, బావమరిదికో. చివరి పందెంలో ఎవరు ముందుంటే వాళ్లది. బావకి నలభై దగ్గరపడుతున్నాయి. వచ్చే ఏడు కారు ఇవ్వనని యజమాని ముందే తేల్చి చెప్పేశాడు.

"ఏడాదంతా నీ పొగ మింగి కడుపు నిండిపోయింది బావా. ఇవాళ నా పొగ రుచి చూడు."

"చూస్తాలేరా. ఓడిపోయాక మీ అక్క దగ్గరికెళ్లి ఏడవకు."

పందేనికి ఇరవై నిమిషాల ముందు రెండు ఇంజన్లూ వేడెక్కుతున్నాయి. పక్కనున్న బావమరిది కారులోంచి సన్నగా టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. వాల్వు దగ్గర నట్టు వదులైంది. అలాగే పరిగెత్తిస్తే పది చుట్లలో ఇంజను చేతులెత్తేస్తుంది. ఆ కారు మెకానిక్ టైర్లలో గాలి చూసుకుంటున్నాడు, అతని చెవికి అది ఆననే లేదు.

డాక్టరు బావ వంక చూశాడు. బావ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని సీట్లో కూర్చున్నాడు. నోరు మూసుకుంటే చాలు, కప్పు మనదే. డాక్టరు రెండు నిమిషాలు నిలువుగుడ్లేసుకుని నిలబడి, చివరికి వెళ్లి పక్క మెకానిక్ భుజం తట్టాడు. పది నిమిషాల్లో నట్టు బిగించేశారు.

ఒక్క కారు పొడవంత తేడాతో బావమరిది గెలిచాడు.

ఆ సాయంత్రం బావ సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. డాక్టరుతో ఒక్క మాట లేదు. తర్వాత జట్టూ చెదిరిపోయింది. డాక్టరు సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం డబ్బా మూత తీసినప్పుడల్లా బావ గుర్తొచ్చేవాడు. నా మనిషి నోటిదగ్గర ముద్ద నేనే లాగేశానని కుమిలిపోయేవాడు. ఆ పెట్రోలు వాసన పొద్దులు, ఆ వేళాకోళాలు మళ్లీ రావు కదా అని బెంగపడేవాడు.

పద్దెనిమిదేళ్లకి ఒక మధ్యాహ్నం బావ నడుచుకుంటూ వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది.

"ఏరా డాక్టరూ, బాగున్నావా?"

"నా మీద కోపం పోయిందా బావా?"

"నీ మీద కోపమేంట్రా?"

"ఆ రోజు నట్టు సంగతి చెప్పేశానని."

బావ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆ చప్పుడు నీకంటే ముందే నాకు వినపడిందిరా. ఆ కారు నడిపేది నా భార్య తమ్ముడే. అయినా నోరు మెదపలేదు. నువ్వెళ్లి చెప్పడం కళ్లారా చూశాను. ఆ తర్వాత నీ మొహం ఎలా చూడమంటావు?"

డాక్టరుకి కళ్లనీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ తప్పంతా తనదే అనుకున్నాడు పిచ్చిమనిషి.

"నేను కూడా వెంటనే వెళ్లలేదు బావా. రెండు నిమిషాలు ఆలోచించాను."

"ఆలోచించి వెళ్లావు కదరా," అన్నాడు బావ.