ఆ పద్దెనిమిది కంప్యూటర్లూ పని చేసేవే

మా ల్యాబ్ సారు పోయారన్న సంగతి కాలేజీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక బస్సు ఆగిపోయి ఉంటే ఊరికే ఫోను తీశాను. వేలిముద్ర హాజరు వేయనివాళ్ళ జాబితా, దాని కింద ఆయన ఫోటో, ఆ కింద వరసగా దండం బొమ్మలు. "మన కళాశాలకు తీరని లోటు" అని ప్రిన్సిపాల్ రాశారు. "నిగర్వి, నిస్వార్థ సేవకుడు" అని సూపరింటెండెంటు రాశారు. నాకు ఏడుపు రాలేదు. ముందు ఒళ్ళు మండింది. రెండేళ్ళ కిందట ఆయన దగ్గర ల్యాబ్ తాళాలు లాక్కున్నది వీళ్ళిద్దరే. అంతలో నా వేలు కూడా అలవాటు కొద్దీ దండం బొమ్మ మీదికి పోయింది. ఆ వేలిని చూసుకున్నాక నా మీద నాకు వచ్చిన కోపం ముందు మిగతాదంతా చిన్నదైపోయింది.

కాలేజీ సంచికకు ఆయన గురించి ఒక పేజీ రాసిమ్మన్నారు. "మంచి విషయాలే రాయండి మేడమ్" అని కూడా చెప్పారు. నేను చెప్పవలసినవి ఆ పేజీలో పట్టేవి కావు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పర్మనెంటు ఉద్యోగి కాదు. ప్రతి జూన్‌లోనూ కొత్తగా ఆర్డరు రావలసిన ల్యాబ్ అసిస్టెంటు. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో ప్రొద్దుటూరు వచ్చేవారు. టిఫిను డబ్బాలో జొన్నరొట్టె, రోట్లో నూరిన శనక్కాయల ఊరిమిండి. అందరికంటే ముందు వచ్చి పాత పంచె ముక్కతో కీబోర్డులన్నీ తుడిచేవారు. కంప్యూటర్లకు నంబర్లు వేయమని ఆఫీసు చెబితే, బస్టాండు బోర్డు మీది ఊళ్ళ పేర్లు తెల్ల పెయింటుతో రాసి పెట్టారు. ముద్దనూరు, మైలవరం, కమలాపురం, మైదుకూరు... అట్లా పద్దెనిమిది.

"సార్, ముద్దనూరు ఆగిపోయింది!" అని ఏ పిల్లో అరిచేది.

"ఆగలేదు పాపా, ఎవురో ఎక్కుతాండారు. రోంతసేపు తాళు" అనేవారు ఆయన, లేవకుండానే.

నేను ఆ కాలేజీలో తెలుగు చెబుతాను. యూనివర్సిటీలో పెద్ద చదువే చదివాను కానీ నా పరిశోధన పుస్తకం మొత్తం ఇంకొకరి చేత టైపు చేయించుకున్నదాన్ని. తెలుగులో టైపు చేయడం నాకు నేర్పింది ఆయనే. మీట నొక్కబోయి ఆగిపోయే నన్ను చూసి, "సదువుకున్నోళ్ళకు నేర్పేది శానా కష్టం మేడమ్. ఏలు పెట్టకముందే తప్పేమో అనుకుంటారు" అన్నారు ఒకరోజు. నన్ను ఇరవై ఏళ్ళుగా ఎరిగినవాళ్ళు కూడా నా గురించి అంత సూటిగా చెప్పలేదు.

ఆ కంప్యూటర్లు అప్పటికే పాతవి. పిల్లలు జిరాక్సు షాపుల నుంచి పెన్‌డ్రైవుల్లో వైరస్‌లు మోసుకొచ్చేవారు. ఒక్కొక్కటి తెరుచుకునేసరికి సగం పీరియడ్ అయిపోయేది. వాటిలో ఉన్న సిస్టం కాలేజీ కొన్నది కాదు. ఎవరో షాపువాడు ఎక్కించిపోయిన దొంగ కాపీ. మళ్ళీ అతన్నే పిలిపించి మళ్ళీ ఎక్కించమన్నారు ప్రిన్సిపాల్. నేను ఆ గదిలోనే ఉన్నాను.

"పరీచ్చలో కాపీ కొడితే పిల్లను బయటికి పంపుతాం గదా సార్. ఆ పిల్ల కూచునే మిషన్లో మనమే దొంగ కాపీ ఏసి, నీతిగా ఉండమని ఏ మొగం పెట్టుకోని చెప్పేది?" అన్నారు సారు.

"నీకెందుకప్పా అయన్నీ. ఊరంతా అట్లే నడుస్తాంది."

"ఊరంతా నడవనీండి సార్. నా రూములో వద్దు."

ఆ తర్వాత వరసగా ఆదివారాలు పులివెందులకు వెళ్ళారు. అక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పని చేసే స్నేహితుడి దగ్గర లినక్స్ అనే సిస్టం నేర్చుకొచ్చారు. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఎట్లా రాశారో చూడవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకు ఇవ్వవచ్చు, దొంగతనం కాదు. ఇదంతా ఆయన చెబుతుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. తాళం వేయని ఇంట్లో పిల్లల్ని కూర్చోబెడతారా అన్నాను.

"తాళం ల్యాకుండా కాదు మేడమ్. తాళంచెవి అందురి దగ్గరా ఉండే ఇల్లు ఇది."

దసరా సెలవుల్లో ఆయన, నేను, ఊళ్ళోనే ఉండే నలుగురు పిల్లలు కూర్చుని పద్దెనిమిదింటినీ మార్చాం. మేము అంటున్నాను కానీ నేను చేసింది టీ పోయడం, అడ్డం రాకుండా ఉండడం. సెలవుల తర్వాత పిల్లలు వచ్చి చూస్తే తెర మీద పేర్లన్నీ తెలుగులో ఉన్నాయి. ముద్దనూరు పక్క పల్లె నుంచి వచ్చే ఒక పిల్ల, ఇంగ్లీషు చూస్తే నోరు కుట్టేసుకునే పిల్ల, లేచి నిలబడి "సార్! ఇది మన మాట మాట్లాడ్తాంది!" అంది.

"నువ్వు గూడా మాట్లాడు పాపా. అదేమీ అనుకోదులే."

ఆ యేడు నేను పిల్లలకు, మీ అవ్వలు వాడే మాటలు రాసుకురండి, ఈ కంప్యూటర్లలో ఎక్కించండి అని పని ఇచ్చాను. సేద్యం మాటలు, రోగాల మాటలు, తిట్లు. ఒక పిల్ల వాళ్ళవ్వ తిట్లే నాలుగు పేజీలు టైపు చేసింది. సారు అది చదివి నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. "మీయవ్వను ఒకసారి మన ఆఫీసుకు పిల్చుకోని రా పాపా, పనుంది" అన్నారు.

అంతా బాగుందని రాస్తే అబద్ధమవుతుంది. నాకు మొదటి నుంచీ ఒక భయం ఉండేది. బయట ఉద్యోగమిచ్చే ప్రతిచోటా ఇంకో సిస్టమే ఉన్నప్పుడు, మన పట్టుదల కోసం ఈ పిల్లలకు ఇది నేర్పుతున్నామా? ఆ భయం నిజమైంది. మా పిల్ల ఒకతె పులివెందులలో ఒక ఆఫీసుకు కంప్యూటర్ పరీక్షకు పోయి, తెర మీద తెలియని బొమ్మలు చూసి బిత్తరపోయి, ఏమీ చేయలేక తిరిగొచ్చింది. నేరుగా ల్యాబుకు వచ్చింది.

"మీరు నేర్పింది ఒకటి, ఆడ ఉండేది ఒకటి. మీ సంబరానికి నా బతుకే దొరికిందా సార్?"

సోమవారం బస్సు దిగేటప్పుడు ఆయన భుజాన గోనెసంచి ఉంది. అందులో ఇంట్లో తన సొంతానికి కొనుక్కున్న కంప్యూటరు, అందరూ వాడే సిస్టంతో. దాన్ని మూలన పెట్టి, ప్రతి పిల్లా వారం రోజులు దాని ముందు కూర్చోవాలని వరస రాశారు. "తప్పు నాదే మేడమ్. మంచి దారి సూపీడమే గాదు, అందురూ పోయే దారి గూడా సూపీయాల" అన్నారు. ఆయన చేసిన పని మొత్తంగా ఆ పిల్లలకు మేలే చేసిందా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను తడుముకుంటాను. తప్పని తెలిసిన వారంలోపు సంచి భుజాన వేసుకొచ్చిన మనిషిని మాత్రం మా కాలేజీలో ఇంకొకరిని చూడలేదు.

ఇక ఆ కమిటీ సంగతి. పాత సామాను పని చేయదని ముగ్గురు సంతకం పెడితే తప్ప కొత్త సామాను రాదు. మా ఆఫీసుల్లో దాన్ని కండెం కమిటీ అంటారు. కొత్త కంప్యూటర్లు మంజూరయ్యాయి. కాబట్టి పాతవి పని చేయకూడదు. వైస్ ప్రిన్సిపాల్, సూపరింటెండెంటు, ముగ్గురు కావాలి కనుక నేను.

సూపరింటెండెంటు వచ్చి మొదటిదాని మీట నొక్కారు. అది చక్కగా తెరుచుకుంది.

"ఏందప్పా ఇది? మామూలుగా ఉండే గుర్తు యాడ?"

"అది ఉండదు సార్. ఇది వేరే సిస్టం."

"అదే నేను చెప్పేది. ల్యా గదా. పని చేయదని రాసుకో."

"సార్, మీ ఎదురుగ్గా పని చేస్తాంది గదా!"

"నాకు తెలిసినట్ల చేయలేదు. నాకు తెలిసినట్ల చేయకపోతే చేయనట్లే లెక్క."

వైస్ ప్రిన్సిపాల్ నవ్వారు. సారు నవ్వలేదు. "పని చేయదని రాసేముందు ఏదన్నా ఒక పని చెప్పి సూడండి సార్. ఒక్కటి" అన్నారు. ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మిగతా పదిహేడింటి మీట కూడా ఎవరూ నొక్కలేదు. రిజిస్టరులో ఉన్నవి రెండే గళ్ళు, పని చేయును, పని చేయదు.

కాగితం నా దగ్గరికి స్టాఫ్‌రూములో వచ్చింది. "పై పద్దెనిమిది కంప్యూటర్లు పని చేయుట లేదని స్వయముగా పరిశీలించి ధ్రువీకరించడమైనది." అప్పటికే రెండు సంతకాలు ఉన్నాయి. నేను రెండుసార్లు చదివాను. కొత్తవి వస్తే పిల్లలకే కదా మంచిది అనుకున్నాను. నా ప్రమోషన్ ఫైలు ప్రిన్సిపాల్ బల్ల మీద ఉందని కూడా అనుకున్నాను. ఏది ముందు అనుకున్నానో ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా తెలియడం లేదు. తెలియకపోవడం నాకే మేలని గుర్తుండటం లేదేమో. సంతకం పెట్టాను.

సాయంత్రం వరండాలో ఎదురైతే ఆయన ఆగారు.

"సదివే పెట్టినారా మేడమ్, సంతకం?"

"లేదు సార్... క్లాసు హడావుడిలో చూడలేదు."

"సరే మేడమ్. బస్సుకు టైమయితాంది."

తుక్కు షాపు ట్రాక్టరు వచ్చిన రోజు ఆయన పొద్దున్నుంచీ పిల్లలు టైపు చేసిన అవ్వల మాటలన్నీ ఒక పెన్‌డ్రైవులోకి తీసుకుంటూ కూర్చున్నారు. అటెండరు చూసి "పని చేయని మిషన్లలోనించి అయన్నీ ఎట్ల తీస్తాండావు సామీ?" అన్నాడు. ఆ రోజు ఆయన నవ్వింది ఆ ఒక్కసారే. తర్వాత పంచె ముక్క తీసి పద్దెనిమిది కీబోర్డులూ తుడిచారు.

"తుక్కులో పడేటివాటికి తుడిచేదేంది సామీ?" అన్నాడు మళ్ళీ అటెండరే.

"నిన్నటిదాంకా పని చేసినాయి గదప్పా."

డ్రైవు నా చేతిలో పెట్టి పోయారు. కొత్త కంప్యూటర్లను కంపెనీవాళ్ళే చూసుకుంటారు కాబట్టి ల్యాబ్ అసిస్టెంటు అవసరం లేదన్నారు. జూన్‌లో ఆయనకు ఆర్డరు రాలేదు. నా సంతకం ఆయన ఉద్యోగం తీసింది. ప్రాణం కూడా తీసిందని అనను. గుండె జబ్బు ముందు నుంచే ఉంది. అట్లా అనేసి పెద్దగా ఏడ్చే సుఖం కూడా నాకు వద్దు.

ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య గంట కూడా పట్టదు. ఆ దారికి నాకు రెండేళ్ళు పట్టింది, అదీ ఆయన లేడని తెలిశాక. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి చాప వేసింది. నేనేదో చెప్పబోయాను. ఆమె వినేట్టు లేదు.

"మీ మింద ఏం కోపం పెట్టుకోలేదులేమ్మా మీ సారు. నేనే అడిగినా, ఆ యమ్మ సూడకుండా పెట్టిందంట గదా అని. దానికి ఆయప్ప ఏమన్న్యాడంటే, ఆ యమ్మ తెలుగు మేడమే, సదవకుండా యాడ పెడ్తాది, నేను బాధపడ్తానని అట్ల చెప్పింది అన్న్యాడు. మంచిదంట నువ్వు."

నేను కాఫీ తాగకుండానే లేచాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆ నాలుగు పేజీల తిట్లలో ఒక్కటి చాలేది.

ఆయన పోయిన మూడో రోజు సంతాప సభ. ఏసీ ఉందని కొత్త ల్యాబులో పెట్టారు. ఎప్పుడూ తాళం వేసి ఉండే గది అది. పాడవుతాయని పిల్లల్ని వారానికొకసారి కూడా రానివ్వరు. ఆ రోజు మాత్రం పేపరు ఫోటోలో బాగుండాలని ప్లాస్టిక్ ముసుగులు తీసి, కంప్యూటర్లన్నీ ఆన్ చేసి పెట్టారు. ముందు బల్ల మీద ఆయన ఫోటో, దండ. ప్రిన్సిపాల్ మాట్లాడారు. సూపరింటెండెంటు మాట్లాడారు. "ఆయన చేతి చలవతో ఎన్నో కంప్యూటర్లు బతికాయి" అన్నారు, తడుముకోకుండా.

నా వంతు వచ్చింది. రాసుకున్న కాగితం తీయలేదు.

"ఆ పద్దెనిమిది కంప్యూటర్లూ పని చేసేవే. పని చేయవని నేను చదివే సంతకం పెట్టాను. చదవలేదని ఆయనకు చెప్పాను."

సూపరింటెండెంటు నా పక్కకు వంగి "సచ్చిపోయినోని ఎదురుగ్గా ఇప్పుడెందుకు మేడమ్ అయన్నీ" అన్నారు.

"బతికుండంగా అడిగినాడు సార్. అప్పుడు చెప్పలేదు."

ప్రిన్సిపాల్ గడియారం చూసుకుని, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. అందరం లేచాం. సారు ఫోటో వెనక కొత్త తెరలన్నిటి మీదా, లైసెన్సు గడువు ముగిసింది అనే ఎర్ర పెట్టె ఒక్కసారిగా లేచింది. ఫోటోగ్రాఫరు కెమెరా దించి చూశాడు. సూపరింటెండెంటు చప్పుడు కాకుండా చెప్పులు వదిలి, మునివేళ్ళ మీద నడుస్తూ, ఒక్కొక్క తెర దగ్గరా వంగి ఆ పెట్టెను మూస్తూ పోయారు. చివరి తెర దగ్గరికి చేరేసరికి మొదటి తెర మీద అది మళ్ళీ లేచింది. ఆయన వెనక్కి తిరిగి చూసి, ఫోటో ముందు నుంచే తల వంచుకుని మళ్ళీ మొదటి తెర దగ్గరికి నడిచారు.